మా మామగారి మూడు ముఖాలు

మా మామగారు సాంబమూర్తిగారు పోయి పదకొండేళ్ళయింది. పోయిన మామగారికి ఏ కోడలైనా ఏడాదికోసారి తద్దినం వంట చేస్తుంది. నేను మాత్రం ఆయనకి వారంవారం చొక్కా మార్చాను. మెత్తటి బ్రష్షుతో చెవుల వెనక దుమ్ము దులిపాను. ఎండాకాలం ముఖం మీది పూత మెత్తబడుతుందేమోనని, మేం చెమటలు కక్కుతూ వంటింట్లో తిరుగుతుంటే ఆయనకి ఫ్యాను వేసి పెట్టాను. ఇందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు. విసుక్కోకుండా చేశానని నేనూ చెప్పను. అయినా ఈ కథ నాది కాదు, మా అత్తగారు సూర్యప్రభగారిది. చెప్పేది నేను కాబట్టి నా సణుగుడు కూడా కలుస్తుంది, భరించాలి.

మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లె. పంతొమ్మిదో ఏట పెళ్ళయింది. ఎనభై ఒకటిలో మొగుడూ పెళ్ళాం హైదరాబాదు వచ్చి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన, ఒక మేడమీద గదిలో టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టారు. ఆయన నేర్పేవారు. ఆవిడ వంట ముగించుకుని వెళ్ళి ఆయన దగ్గరే నేర్చుకుని, రెండేళ్ళలో ఆయన్ని మించిపోయింది. "ఈయన రెండు వేళ్ళ మాస్టారు" అని టైపు నేర్చుకునే పిల్లల ముందే ఎగతాళి చేసేదట. ఆయన నవ్వేవారట కానీ ఆ రోజు కాఫీలో పంచదార ఎక్కువైందని వంక పెట్టేవారట. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూటు మూతపడ్డాక ఇద్దరూ ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం పోట్లాడుకునేవారు. ఫ్యాను రెండులో ఉండాలా మూడులో ఉండాలా, పేపరు ముందు ఎవరు చదవాలి, ఇలాంటివి. పెళ్ళై వచ్చిన కొత్తలో నేను భయపడేదాన్ని. తరవాత అర్థమైంది, వాళ్ళ కాపురం నడిచేదే దాని మీద.

ఒక సాయంత్రం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టబోతూ మామగారు పక్కకి ఒరిగిపోయారు. అరవై ఆరేళ్ళు. మా ఆయన అభిరామ్ బ్యాంకు నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. పన్నెండు రోజులూ అత్తగారు ఏడవలేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిమ్మని నాకు చెప్పడం, పురోహితుడికి దర్భలు అందించడం, అన్నీ తనే చూసుకుంది. "గుండె రాయి" అని బంధువులు గుసగుసలాడారు. ఆవిడ గుండె సంగతి వాళ్ళకేం తెలుసు. మనిషి పోయాడన్న మాటను ఆవిడ లోపలికి రానివ్వలేదు, అంతే.

ఏడాది తిరిగాక మన్సూరాబాద్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళాం. అక్కడ హాల్లో సోఫా మీద, మూడేళ్ళ కింద చనిపోయిన ఆ ఇంటి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పట్టుపంచె, చేతికి వాచీ, ముక్కు మీద కళ్ళజోడు. నేను అరవబోయి నోరు మూసుకున్నాను. అత్తగారు మాత్రం దగ్గరకి వెళ్ళి ఆ బొమ్మ చెయ్యి పట్టుకుని చూసింది, చీర కొట్లో పోగు చూసినట్టు. భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. చేసినవాడి అడ్రసు కనుక్కుని బయటపడింది.

చేసినవాడు అంతయ్య. నల్లగొండ వైపు నుంచి వచ్చి, మన్సూరాబాద్‌లోనే ఒక రేకుల షెడ్డులో బొమ్మలు చేస్తాడు. మొండెం ఫైబరు, లోపల ఇనప చువ్వ, ముఖం చేతులు సిలికాను, వెంట్రుకలు అసలైనవి. బట్టలు, కళ్ళజోడు, ఉంగరం పోయినవాళ్ళవే తెమ్మంటాడు. వెంట్రుకలు నాటేది అతని భార్య అరుణమ్మ. సూదితో ఒక్కో వెంట్రుకా గుచ్చుతుంది. ఒక్క కనుబొమ్మకి పూట పడుతుంది.

"సారు ఏ వయసుల ఉండాలె?" అని అడిగాడు అంతయ్య.

నేను తెల్లబోయాను. "పోయినప్పుడు ఎలా ఉన్నారో అలాగే కదా?"

"పోయినప్పుడు ఉన్నట్టు ఎవ్వరు అడగరమ్మా. మంచిగున్న దినమే అడుగుతరు. మీరు కూడ జర ఆలోచన చేయుండ్రి."

అత్తగారికి ఆలోచన అక్కర్లేకపోయింది. పర్సులోంచి ఫోటో తీసింది. నలభై అయిదేళ్ళ మామగారు, ఇన్‌స్టిట్యూటు మెట్ల మీద, నల్లటి జుట్టు, దట్టమైన మీసం. "ఇలా చెయ్యి బాబూ. ఆయన నా ఇంట్లోంచి వెళ్ళకూడదు. నాకు కావలసింది అదొక్కటే" అంది.

నాలుగు నెలలకి ఆయన వచ్చారు. వాలుకుర్చీలో కూర్చున్న భంగిమ. ఆవిడే తెల్ల చొక్కా తొడిగింది, వాచీ పెట్టింది. కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఫ్యాను రెండులోనే ఉంటుంది, చెప్తున్నా" అంది. అభిరామ్ బాత్రూములోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చాడు. ఆవిడ మాత్రం అప్పుడూ ఏడవలేదు. ఇంక ఏడవడానికి కారణం ఏముంది?

ఆ ఏడు తద్దినానికి మా ఇంట్లో వచ్చిన చిక్కు ఏ ఇంట్లోనూ వచ్చి ఉండదు. ఆయన తద్దినం ఆయనే చూడకూడదని ఆవిడ పట్టు పట్టింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సరేనని నేనూ అభిరామూ ఆయన్ని కుర్చీతో సహా పడగ్గదిలోకి మోసి, గోడవైపు తిప్పి, పైన దుప్పటి కప్పాం. పురోహితుడు ఆ గదివైపు చూసీ చూడనట్టు మంత్రాలు చదివాడు. పిండం మేడమీద పెడితే మధ్యాహ్నం రెండైనా కాకి రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలున్నన్ని కాకులు లేవని నేను సరిపెట్టుకున్నాను. ఆవిడ సరిపెట్టుకోలేదు.

"ఆయన ఇంట్లోనే ఉంటే కాకి ఎందుకొస్తుంది?" అని ముందు నవ్వింది. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, "దుర్గా, ఆయన్ని వెళ్ళనివ్వకుండా నేను పట్టుకుని కూర్చున్నానంటావా?" అంది.

నాకు ఆకలిగా ఉంది. పొద్దున్నుంచీ మడితో ఉన్నాను. "ఆ బొమ్మకి ఏం తెలుసండీ, అత్తయ్యా" అనేశాను. బొమ్మ అన్నందుకు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ మరుసటేడు ఆవిడ చెల్లెలు కోటేశ్వరమ్మగారికి తెనాలిలో జబ్బు ముదిరింది. అక్కని చూడాలని కబురు పెట్టింది. రైలు టిక్కెట్లు తీశాం. బయలుదేరే రోజు అత్తగారు సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి ఎలా రాను? అలవాటు లేదు ఆయనకి."

"నేనుంటానండీ ఆయన దగ్గర" అన్నాను.

"నువ్వు మాట్లాడవుగా ఆయనతో."

వెళ్ళలేదు. పదో రోజుకి చెల్లెలు పోయింది. తోడబుట్టిన మనిషి అక్కా అక్కా అంటూ పోయిందట. ఆ మాట విన్న రోజు నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో, ఆ కుర్చీలో నల్లమీసంతో తాపీగా కూర్చున్న ఆయన మీద అంతకు రెట్టింపు వచ్చింది. బతికున్నప్పుడు కూడా ఆయన ఆవిణ్ణి అలా కట్టిపడెయ్యలేదు. బొమ్మని తీసేద్దామని అభిరామ్‌తో పోట్లాడాను. "అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా?" అన్నాడు.

అలా బొమ్మ వచ్చి నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు పై వాటాలోకి కొత్తగా దిగినావిడ పాలు తోడు పెట్టుకోవడానికి కాస్త పెరుగు అడగడానికి వచ్చింది. గుమ్మంలోంచి హాల్లోకి చూసి, "మీ అబ్బాయి బ్యాంకులో చేస్తారని చెప్పారు, ఇవాళ సెలవా అండీ?" అంది. ఆవిడ చూసింది మామగారిని. పక్క కుర్చీలో అరవై ఆరేళ్ళ అత్తగారు, పళ్ళు రెండు ఊడి, జుట్టు పూర్తిగా నెరిసి ఉంది. నలభై అయిదేళ్ళ మొగుడు నిగనిగలాడుతున్నాడు. అత్తగారు పెరుగు ఇచ్చి పంపించి, తలుపు వేసి, మధ్యాహ్నం అన్నం మానేసింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మన్సూరాబాద్ వెళ్ళింది.

"ఆయన్ని ముసలాణ్ణి చెయ్యి బాబూ" అంది.

అంతయ్య చేతిలో పని ఆపాడు. "ఇరవై ఏండ్ల సంది చేస్తున్నమ్మా. ముసలోళ్ళను పడుచోళ్ళను చేయమన్నోళ్ళే గని, గిట్ల ఎవ్వరు అడగలె. ఫోటో ఉన్నదా?"

ఎక్కడిది? అరవై ఆరేళ్ళకే పోయిన మనిషికి డెబ్భై ఒక్కేళ్ళ ఫోటో ఎలా ఉంటుంది? అందుకని ఆవిడే వారంలో మూడు రోజులు షెడ్డుకి వెళ్ళి, అంతయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెప్పేది. ఇక్కడ ముడత పడుతుంది, వాళ్ళ నాన్నకి ఇక్కడే పడింది. కింద పెదవి కాస్త జారుతుంది. చెవి మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఆయన ముసలివాడు కావడాన్ని ఆవిడ కళ్ళతో చూడలేదు, ఊహించి చెప్పింది. అంతయ్య మట్టిలో దిద్దుకుంటూ పోయాడు.

తెల్ల వెంట్రుకలు ఎక్కడివన్న దగ్గర మళ్ళీ పని ఆగింది. దువ్వెనలో ఊడిన వెంట్రుకలు మా అత్తగారు ఎప్పుడూ చిన్న ఉండ చుట్టి గోడ సందులో దాచేది. వీధిలో "వెంట్రుకలకి స్టీలు సామాన్లు" అని అరుస్తూ వచ్చేవాడికిచ్చి గిన్నెలు తీసుకునేది. ఈసారి ఆ ఉండలన్నీ కవరులో పోసి అరుణమ్మ చేతిలో పెట్టింది. "ఇవి చాలుతాయా?" అని అడిగింది. అరుణమ్మ వాటిని విప్పి, కడిగి, చిక్కు తీసి, కత్తిరించి మామగారి తలలో నాటింది. నెరిసిన మీసం కూడా మా అత్తగారి జుట్టే.

కొత్త ముఖంతో ఆయన్ని మా కారు ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆపాడు. "పెద్దాయనకు బెల్టు పెట్టుండ్రి సార్, గట్లెట్ల కూసోబెడ్తరు?" అని అభిరామ్‌ని కోప్పడ్డాడు. వెనక సీట్లోంచి అత్తగారు ఎంత మురిసిపోయిందో! "చూశావా, పెద్దాయన అన్నాడు" అని ఇంటికి వచ్చేదాకా అంటూనే ఉంది. ఆ రోజు నేనూ నవ్వాను. మొగుడూ పెళ్ళాం ఒక ఈడువాళ్ళయి పక్కపక్కన కూర్చున్నారు కదా, పోనీలే అనిపించింది.

ఆ సంతోషం మూడేళ్ళు. తరవాత ఆవిడకి మతిమరుపు మొదలైంది. ముందు గ్యాసు కట్టెయ్యడం మరిచిపోయింది, తరవాత మా ఇంటి నంబరు. డాక్టరు పరీక్షలు చేసి, ఇది తగ్గేది కాదన్నాడు. "ఇటీవలివి ముందు పోతాయి. పాతవి చివరిదాకా ఉంటాయి" అని వివరించాడు. ఆ మాట ఎంత నిజమో నెల తిరక్కుండానే తెలిసింది. ఒక ఉదయం కాఫీ పట్టుకెళ్తే, హాలు గుమ్మంలో నిలబడి వణుకుతోంది.

"దుర్గా, ఆ ముసలాయన ఎవరు? మన హాల్లో ఎందుకు కూర్చున్నాడు?"

"మామగారండీ, అత్తయ్యా."

"ఛ, ఆయనకి జుట్టు నెరవలేదుగా. ఆయనొచ్చేలోగా పంపించెయ్యి ఇతన్ని."

ఎన్నాళ్ళుగానో ఆ బొమ్మని ఇంట్లోంచి పంపించేద్దామన్నది నేనే. ఇప్పుడు అవకాశం దానంతట అదే వచ్చింది. నేనేం చేశానంటే, అప్పటికప్పుడు ఆటో ఎక్కి మన్సూరాబాద్ వెళ్ళి, అంతయ్యా, ఆ పాత ముఖం ఉందా అని అడిగాను. ఆయన ఇంట్లోంచి వెళ్ళకూడదని ఆవిడ ఒక్కటే కోరింది. ఆవిడ మరిచిపోయిందని నేనూ మరిచిపోతానా? పాత ముఖం అతని బీరువాలోనే ఉంది. రెండు రోజుల్లో నలభై అయిదేళ్ళ మామగారు మళ్ళీ కుర్చీలోకి వచ్చారు.

అత్తగారు ఆయన్ని చూసి, "ఇంతసేపా రావడం, బ్యాచ్ ఆరింటికి కదా" అని కసురుకుంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. తరవాత ఏడాదిన్నర బాగానే నడిచింది. రోజూ పొద్దున ఆయన్ని ఇన్‌స్టిట్యూటుకి తొందరపెట్టేది. క్యారేజీ కట్టమనేది. కట్టేదాన్ని. ఒక్క హాల్లో అద్దం మాత్రం తీసెయ్యాల్సి వచ్చింది. అందులో ఆయన పక్కన నిలబడ్డ ముసలావిడ ఎవరని అడిగి, ఆ రోజంతా ఆయన మీద అలిగి కూర్చుంది. అందరి భర్తలకీ ముసలితనం వస్తుంది, ఈయనకి ఎంత కావాలంటే అంతే వస్తుంది. దాని ఖరీదంతా ఆవిడ మీద పడింది.

కిందటి వేసవికి ఆవిడ ఇంకా వెనక్కి వెళ్ళిపోయింది. నన్ను వాళ్ళ పెద్దక్క అనుకుని అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. నాన్నగారు పొలం నుంచి వచ్చారా అని అడిగేది. అభిరామ్ని చూస్తే తల దించుకుని పక్కకి తప్పుకునేది. హాల్లో మీసాలాయన కూర్చున్నాడని గదిలోంచి బయటికి రావడం మానేసింది. పరాయి మగాడి ముందు ఎలా వస్తానక్కా అంది.

"ఇంక చాలు దుర్గా. నాన్నని పంపించేద్దాం" అన్నాడు అభిరామ్.

"ఒక్కసారి" అన్నాను. "పెళ్ళినాటి ఫోటో ఉంది. ఇరవై నాలుగేళ్ళ మనిషిని గుర్తుపడుతుందేమో. పెళ్ళి మరిచిపోలేదు, ఇంకా అక్కడిదాకా వెళ్ళలేదు." అలా ఎందుకన్నానో, ఏ లెక్కన అన్నానో నాకే తెలియదు. ఆవిడకి ఆయన లేకుండా పోతాడని నాకు భయం. ఆవిడకి ఆ భయం ఎప్పుడో పోయింది.

అంతయ్య ఫోటో తీసుకుని చాలాసేపు చూశాడు. "అమ్మా, ఒక మాట చెప్పనా? ఎవ్వలి ఇంట్లనన్న నా బొమ్మ ఉన్నదంటె నాకు కుషీ. మీ ఇంట్ల ఉన్నదంటె నాకు పరేషాన్ అయితున్నది. ఇదే ఆఖరు. మల్ల నన్ను అడగకుండ్రి." నేను తలూపాను. వచ్చేస్తుంటే అరుణమ్మ వెనక నుంచి పిలిచి, కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. షెడ్డులో దాచిన ముసలి ముఖాన్ని ఎలుకలు కొడుతున్నాయని తీసేశారట. "గివి అమ్మ ఎంటికలు. ఒక్కొక్కటి నేనే పీకిన. పారేయబుద్ధి గాలె" అంది.

మూడు నెలలకి, శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆయన్ని తెచ్చాం. సన్నని మీసం, నూనె పెట్టి పాపిడి తీసిన జుట్టు, పెళ్ళి ఫోటోలోలాంటి తెల్లచొక్కా, పంచె. అభిరామ్ ఎదురుగా నిలబడి, "నాన్న నాకంటే చిన్నవాడు" అన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను అత్తగారి చెయ్యి పట్టుకుని మెల్లగా తీసుకొచ్చాను. ఆవిడ హాల్లోకి రాలేదు. తలుపు రెక్క వెనక ఆగి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, సందులోంచి చూసింది. డెబ్భై రెండేళ్ళ ముఖం మీద సిగ్గు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గుర్తుపట్టిందనుకున్నాను.

"ఎవరో తెలిసిందా?" అన్నాను మెల్లగా.

"పెళ్ళిచూపులకి వచ్చారా అక్కా?"

"అవును. ఎలా ఉన్నాడు?" అన్నాను.

ఆవిడ ఇంకాసేపు చూసింది. సిగ్గు పోయింది. కింద పెదవి అదరడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు జారి మెడ మీదికి వచ్చాయి. మామగారు పోయిన రోజు రాని నీళ్ళు, చెల్లెలు పోయినప్పుడు రాని నీళ్ళు.

"నాకీ సంబంధం వద్దక్కా. నాన్నగారితో చెప్పు."

"ఎందుకు? మంచివాడేనే."

"మంచివాడేలా ఉన్నాడు. కానీ ఎందుకో ఆయన్ని చూస్తుంటే ఏడుపొస్తోంది. ఆగట్లేదు."

ఆవిణ్ణి పట్టుకుని అక్కడే నేలమీద కూర్చున్నాను. ఆవిడ అరగంట సేపు ఏడ్చింది. ఎందుకో ఆవిడకి తెలియదు. ఆ ఇంట్లో ఆ కారణం తెలిసినవాళ్ళం నేనూ అభిరామూ ఇద్దరమే, చెప్పడానికి లేదు. ఇన్నేళ్ళుగా ఆయన్ని వెళ్ళనివ్వకపోవడం వల్ల ఆవిడ ఏడుపు కూడా వెళ్ళలేదు, లోపలే ఉండిపోయింది. మనిషి పేరు, ముఖం, కాపురం అన్నీ పోయాక అది ఒక్కటే మిగిలింది. నేను చేసిన పని తప్పా ఒప్పా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

"నాన్నగారితో నేను చెప్తాను. నువ్వేం భయపడకు" అన్నాను.

అభిరామ్ అంతయ్యకి ఫోన్ చేశాడు. సాయంత్రం ట్రాలీ ఆటో వచ్చింది. అభిరామూ అంతయ్యా కుర్చీని చెరోవైపు పట్టుకుని మెట్లు దిగుతుంటే, చొక్కా నలుగుతోందని నేను వెనక నుంచి సర్దాను. అది నాకు అలవాటు. గదిలో అత్తగారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, ఆటో సందు మలుపు తిరిగేదాకా చూసింది.

"వాళ్ళేమీ అనుకోలేదు కదక్కా?"

"ఏమీ అనుకోలేదు."

"పాపం" అంది, ముక్కు తుడుచుకుంటూ. "ఆయనకి ఎక్కడో మంచి పిల్ల దొరుకుతుందిలే."

"దొరుకుతుంది" అన్నాను.